సోలాపురమునకు విమానము వచ్చిన వైనము

విమానాశ్రయము కలదు, విమానము లేదు. సోలాపుర పట్టణమును గూర్చి చాలకాలము చెప్పుకొనిన మాట యిది. హోటగీ దారిలో విశాలమైన మైదానమును, దాని నడుమ విమానములు పరుగెత్తుటకు గట్టి బాటయు నుండెను. ఎన్నికలు వచ్చినపుడు నాయకుల చిన్న విమానములు, హెలికాప్టర్లు అచ్చట దిగుచుండెడివి. పండరిపురపు ఏకాదశికి ప్రభువులు వచ్చినపుడును అంతే. కాని టిక్కెట్టు కొనుక్కొని ఎక్కదలచిన సామాన్యునకు ఆ ద్వారము మూయబడియే యుండెను. అశోకచౌకు, సాఖర్‌పేట, భద్రావతిపేటలలో పుట్టి పెరిగిన మన పిల్లలు విమానాశ్రయము గల ఊరివారమని చెప్పుకొనుచునే, విమానమెక్కుటకు పూనాకో హైదరాబాదుకో బస్సులో పోయెడివారు.

ఇట్టి సంచికలలో మార్కండేయ రథోత్సవమును గూర్చియు, మగ్గమును గూర్చియు వ్రాయుట వాడుక. విమానమును గూర్చిన వ్రాత మన సంస్కృతికి దూరపు విషయమని కొందరు తలపవచ్చును. మాకట్లు తోచలేదు. మనమీ ఊరివారమగుటకు కారణము ఒక ప్రయాణ సాధనము. అది రైలు. అందుచేత రెండవ ప్రయాణ సాధనము మన ఊరికి ఏ రీతిగా వచ్చినదో, ఎందుకింత ఆలస్యముగా వచ్చినదో వ్రాసియుంచుట మన చరిత్రలోని భాగమే యని తలచి యీ పని కుపక్రమించితిమి.

ముందు రైలు సంగతి కొంత చెప్పవలెను. గ్రేట్ ఇండియన్ పెనిన్సులా కంపెనీవారి రైలు బొంబాయినుండి పూనా మీదుగా సోలాపురమునకు 1860 లో వచ్చినది. ఆ దారి మెల్లగా ఆగ్నేయమునకు సాగి 1871 నాటికి రాయచూరు చేరినది. నైజాము ప్రభుత్వపు రైలు వాడినుండి సికింద్రాబాదునకు 1874 లో తెరువబడినది. అనగా సోలాపురమునకు బొంబాయితో సంబంధము కలిగిన పదునాలుగేండ్లకుగాని తెలుగునాటితో రైలు సంబంధము కలుగలేదు. ఈ పదునాలుగేండ్ల లెక్కను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. దీనితో మాకు మరల పనిగలదు.

మరి మూడేండ్లకు, 1877 లో, సోలాపుర స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు పుట్టినది. దానినే మనవారు జునీమిల్లు అనిరి. అదే కాలమున, 1876 మొదలు 1878 వరకు, దక్కను దేశమంతటను ఘోరమైన కరవు. కరీంనగరము, నల్లగొండ, వరంగల్లు, పాలమూరు ప్రాంతముల పద్మశాలీలు ఆ పిమ్మటి దశాబ్దములలో గుంపులు గుంపులుగా ఇటు తరలిరి. కొందరు రైలులో వచ్చిరి. చేత పైకము లేనివారు హైదరాబాదు బాటను పట్టి నడచి వచ్చిరి. మిల్లులో దారము దొరకును, పేటలో మగ్గము వేసికొనవచ్చును, నేసిన బట్టను రైలు కొనిపోవును. ఈ మూడును ఒక్కచోట కూడిన ఊరు గనుక మన తాతలు ఇచ్చట నిలిచిరి. తరువాత నర్సింగ్‌గిర్జీ మిల్లు, లక్ష్మీ మిల్లు, విష్ణు మిల్లు వచ్చినవి.

మిల్లుతోపాటు వచ్చినది పొగగొట్టము. దానిని మన పేటలలో ఎవరును పొగగొట్టమనరు. చిమ్నీ యనియే అందురు. చిమ్నీనుండి పొగ లేచిన ఇంట పొయ్యిలో మంట యున్నట్లే. భోంగా కూసినప్పుడు నిద్ర లేచి, భోంగా కూసినప్పుడు సద్దిమూట విప్పి, భోంగా కూసినప్పుడు ఇల్లు చేరిన తరములు మనవి. 1949 లో జునీమిల్లు తలుపులు మూసికొనినపుడు ఈ ఊరు ఎట్లు తల్లడిల్లెనో పెద్దలు చెప్పగా వింటిమి. ఒక్క మిల్లు కొరకు భారత ప్రభుత్వము 1950 లో ప్రత్యేకముగా శాసనము చేసి దాని నిర్వహణమును స్వీకరింపవలసి వచ్చినది. ఆ శాసనము చెల్లునా చెల్లదా యను వాదము సుప్రీముకోర్టువరకు పోయి, రాజ్యాంగము క్రొత్తగా వచ్చిన దినములలో న్యాయవాదులు చదువుకొను గొప్ప తీర్పులకు కారణమైనది. చిమ్నీ చల్లబడుట యనగా నేమో మన పేటలకు ఎవరును వచ్చి బోధింప నక్కరలేదు. ఈ సంగతి ఇంత విస్తరించి వ్రాయుటకు కారణము ముందు తెలియగలదు.

ఇక విమానములు. మన దేశమున తపాలా సంచులతో ప్రారంభమైన టాటావారి విమానయానము 1932 అక్టోబరు 15వ తేదీన కరాచీనుండి బయలుదేరినది. జే.ఆర్.డి. టాటా తానే నడిపి అహమ్మదాబాదు మీదుగా బొంబాయి చేర్చగా, నెవిల్ విన్సెంటు అను ఆయన సహచరుడు దానిని బళ్లారి మీదుగా మదరాసునకు కొనిపోయెను. నైజాము ప్రభుత్వమును టాటాలును కలిసి 1945 లో హైదరాబాదున డెక్కన్ ఎయిర్‌వేస్ అను సంస్థను స్థాపించిరి. 1953 లో ప్రైవేటు విమాన సంస్థల నన్నిటిని జాతీయము చేసినపుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయినది. ఆకాశమార్గమున మన పూర్వుల హైదరాబాదు అంత ముందు నడచినది. సోలాపురము మిల్లుల ఊరు, సరకుల ఊరు. దీనికి కావలసినది గూడ్సు రైలు, తరువాత లారీ.

ఈ మాట మేము ఊహించి వ్రాసినది కాదు. ముప్పది యేండ్లకు పైగా ఒక చద్దరుల కార్ఖానాలో గుమాస్తాగా నుండి బేళ్లకు బిల్టీలు వ్రాసితిమి. సోలాపుర చద్దరు, తువాలు దేశదేశములకు పోవును. ఈ శతాబ్ది తొలి దశకముననే వానికి భౌగోళిక గుర్తింపుకూడ లభించినది. కాని చద్దరు బరువైన సరకు. దాని బరువును చూడగా వెల తక్కువ. అట్టిది విమానమెక్కదు. బేలు లారీ యెక్కి ముంబయి రేవునకు పోవును. దాని వెంట పోవలసిన సేఠుగారు రాత్రి రైలెక్కి పోవుదురు. రాత్రి పదిగంటల తరువాత బయలుదేరు సిద్ధేశ్వర ఎక్స్‌ప్రెస్సు తెల్లవారునప్పటికి ముంబయిలో దింపును. దుకాణము కట్టి భోజనము చేసి ఎక్కవచ్చును. పగలంతయు పని చూచుకొని మరల రాత్రి అదే బండిలో తిరిగి రావచ్చును. హోటలు ఖర్చు లేదు, ఒక పూటయైన చెడదు. ఇట్టి బండి గల ఊరిలో విమానమునకు బేరము కుదురుట కష్టము. విమానము రాకపోవుటకు కారణములు వెదకువారు సామాన్యముగా ఈ బండిని మరచిపోవుదురు.

అయినను ఒకమారు విమానము వచ్చినది. 2010 కి కొంచెము అటునిటుగా కింగ్‌ఫిషర్ సంస్థవారు సోలాపురమునుండి ముంబయికి చిన్న విమానమును నడిపిరి. ఊరిలోని డాక్టర్లు, కార్ఖానాదారులు, వకీళ్లు ఎక్కిరి. చూడబోయినవారు ఎక్కినవారికంటె ఎక్కువ. ఆ సంతోషము కొలదికాలమే. విమానము ఆగిపోయినది, ఆ సంస్థయే అప్పులలో మునిగి 2012 అక్టోబరునాటికి దేశమంతటను తన విమానములను నిలిపివేసినది.

చరిత్ర వ్రాయువారు ఇచ్చట ఒక విషయమును గమనింపవలెను. ఆ విమానము వచ్చి పోవునప్పటికి చక్కెర కర్మాగారపు చిమ్నీ యింకను లేవలేదు. అడ్డము లేనప్పుడుకూడ విమానము నిలువలేదు. పిమ్మట పది సంవత్సరములు మన ఊరివారు ఒక్క చిమ్నీనే సర్వ దోషములకు మూలముగా చెప్పుకొనిరి గనుక, ఈ సంగతిని వ్రాయక తప్పదు.

ఆ చిమ్నీ సిద్ధేశ్వర సహకారి చక్కెర కర్మాగారమునది. కర్మాగారము కుమఠే గ్రామమువద్ద, విమానాశ్రయమునకు సమీపముననే యున్నది. చెరకును పిండగా మిగిలిన పిప్పిని కాల్చి విద్యుత్తు పుట్టించు పథకమును కర్మాగారమువారు గత దశకమున చేపట్టిరి. దాని కొరకు సుమారు 90 మీటర్ల యెత్తున చిమ్నీని కట్టిరి. ఊరికి సిద్ధేశ్వరుడే దైవము. ముంబయికి కొనిపోవు బండికి ఆయన పేరే, విమానమును ఆపిన కర్మాగారమునకును ఆయన పేరే. దారియు సిద్ధేశ్వరుడే, అడ్డమును సిద్ధేశ్వరుడే యని ఊరిలో హాస్యమాడెడివారు.

పొగగొట్టము విమానమునకు అడ్డమగుట యెట్లని మన పేటలలో చాలమంది అడిగెడివారు. విమానము గద్దవలె నిట్టనిలువున వాలదు. దూరమునుండి ఏటవాలుగా దిగి వచ్చును. రన్‌వే కొసనుండి వెలుపలికి పోయినకొలది, సుమారు ఏబది మీటర్లకు ఒక మీటరు చొప్పున పైకిలేచు ఒక కనిపించని వాలును లెక్కగట్టుదురు. ఆ వాలును చీల్చుకొని ఏ కట్టడమును పైకి లేవరాదు. పడుగు నడుమ మేకు దిగగొట్టిన నాడె యెట్లు ఆడదో అట్లే యనుకొనవలెను. విమానయాన అధికారులు ఈ చిమ్నీ అడ్డమని నిర్ణయించిరి. కర్మాగారమువారు ఒప్పుకొనలేదు. విచారణలు, నోటీసులు, వాజ్యములు సంవత్సరముల తరబడి నడచినవి.

ఆ కాలమున ఊరు రెండుగా చీలినది. వ్యాపారులు, వైద్యులు, చదువుకొనిన యువకులు ఒక ప్రక్క. విమానము లేనిదే ఊరికి క్రొత్త కంపెనీలు రావు. మిల్లులు మూతబడిన పిమ్మట మా పిల్లలందరు పూనాకు, హైదరాబాదునకు వలసపోవుచున్నారు. ఒక్క చిమ్నీ కొరకు పదిలక్షల జనము నష్టపోవలెనా యని వారి వాదము. 2022 లో వారు వంతులు వేసికొని చాలదినములు చక్రీ ఉపవాసములు చేసిరి. రెండవ ప్రక్క చెరకు రైతులు. కర్మాగారము వేలమంది సభ్యుల సొత్తు. చిమ్నీ పడినచో గానుగ ఆగును. గానుగ ఆగినచో చేనిలో చెరకు ఎండును. విమానమెక్కువారి సుఖము కొరకు దున్నువాని కడుపు కొట్టుట న్యాయమా యని వారి వాదము. వారును వేలమందితో ఊరేగింపు తీసిరి.

మన తెలుగు పేటలలో సామాన్యులు ఎవరివైపు నుండిరని అడిగినచో, నిశ్చయముగా చెప్పలేము. అబ్బాయి కంప్యూటరు చదువు చదివి బెంగుళూరులో నున్న ఇంట విమానము కావలెననిరి. మరమగ్గముమీద పనిచేయువారి ఇండ్లలో, బీడీలు చుట్టు తల్లుల ఇండ్లలో ఆ మాటయే లేదు. కాని చిమ్నీని పడగొట్టుదురు అను మాట వినినపుడు మాత్రము ముసలివారి ముఖములు మారుచుండెను. ఎవరి చిమ్నీ యైనను చిమ్నీయే గదా.

2023 జూను 15వ తేదీన, గొప్ప పోలీసు బందోబస్తు నడుమ, పేలుడు పదార్థములతో ఆ చిమ్నీని కూల్చిరి. ఏండ్ల తరబడి వాదులాడిన కట్టడము కొన్ని క్షణములలో ఒరిగి నేలమట్టమైనది. ఊరిజనము మేడలపై నెక్కి చూచిరి. కొందరు టపాకాయలు కాల్చిరి. కొందరు కన్నీరు పెట్టిరి. మేమును మా వీధిలోని ఒక ముసలి నేతగానితో కలిసి డాబాపై నిలిచి అటువైపు ధూళి లేచుట చూచితిమి. ఆయన యౌవనమున మిల్లులో పనిచేసినవాడు. చాలసేపు మాటాడక, పిమ్మట,

"తమ్మీ, ఇగ ఇమానం అస్తదా?" అని అడిగెను.

"అస్తదనే అంటున్నరు అన్నా" అంటిమి.

"చిమ్నీ పడ్డంక అచ్చింది నేనెప్పుడు సూడలే" అనెను.

ఆయన మాట రెండేండ్లవరకు నిజమే యైనది. చిమ్నీ పడినంతనే విమానము దిగునని నమ్మిన ఊరు మరల ఎదురుచూడసాగినది. ప్రహరీగోడలు, రన్‌వే మరమ్మతులు, ప్రయాణికుల భవనము, లైసెన్సు, ఇట్లు ఒకదాని వెంట నొకటి మిగిలియే యున్నవి. భవనమును బాగుచేసి, సంవత్సరమునకు 4.1 లక్షల ప్రయాణికులకు సరిపోవునట్లు తీర్చితిమని ప్రభుత్వము ప్రకటించినది. ప్రధానమంత్రి నరేంద్ర మోదీ 2024 సెప్టెంబరు 29వ తేదీన దూరమునుండియే దృశ్యమాధ్యమము ద్వారా దానిని ప్రారంభించిరి. ప్రారంభోత్సవమైన విమానాశ్రయమున ఎనిమిది నెలలు దాటినను ఒక్క ప్రయాణికుల విమానమైన వ్రాలలేదు.

గుమాస్తాకు లెక్క వేయని సంఖ్య నిద్ర పట్టనీయదు. 4.1 లక్షలను 365 దినములకు పంచినచో దినమునకు 1,120 మందికి పైగా నగుదురు. సుమారు డెబ్బదిమంది పట్టు చిన్న విమానము నిండుగా వచ్చి నిండుగా పోయినచో నూటనలుబదిమంది. అనగా దినమునకు ఎనిమిది విమానములు, ఒక్క కుర్చీయైన ఖాళీ లేకుండ, రావలెను, పోవలెను. భవనము కట్టుట ప్రభుత్వము పని, కుర్చీలు నింపుట ఊరి పని. ఈ రెండవ పనికి ప్రారంభోత్సవము లేదు.

ఈ కష్టము ఒక్క సోలాపురమునది కాదు. చిన్న పట్టణములకు విమానములు నడిపించుటకు కేంద్రప్రభుత్వము 2016 లో ఉడాన్ పథకమును ప్రకటించినది. గంట ప్రయాణమునకు నాడు 2,500 రూపాయలవంటి మితమైన రేటుకు కొన్ని సీట్లు అమ్మవలసియుండెను. అందుచేత వచ్చు నష్టమును మూడేండ్లవరకు ప్రభుత్వము పూరించుచుండెను. 2017 ఏప్రిలు 27వ తేదీన మొదటి విమానములకు జెండా ఊపిరి. ఒకటి సిమ్లానుండి ఢిల్లీకి; మిగిలిన రెండును హైదరాబాదునకే, ఒకటి మన కడపనుండి, ఒకటి ఈ మహారాష్ట్రములోని నాందేడునుండి. నాందేడులోని తెలుగువారి అదృష్టమునకు నాడు మేము అసూయపడితిమి. ఆ రెండిటిని నడిపినది హైదరాబాదు సంస్థయగు ట్రూజెట్. ఆ సంస్థ 2022 ఫిబ్రవరిలో మూతబడినది. కడపకు వెంటనే వేరొక పెద్ద సంస్థ వచ్చి ఆదుకొనినది. చిన్న ఊరి విమానము ఒక సంస్థ ఆయువుపై ఎట్లు వ్రేలాడునో దీనివలన తెలియుచున్నది. మన కింగ్‌ఫిషర్ కథయు ఇదియే.

ఈ పథకమును 2023 లో పరిశీలించిన కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ గారి నివేదికలోని అంకెలు మరింత ఆలోచింపజేయును. మొదటి మూడు విడతలలో ఇచ్చిన 774 మార్గములలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371 లో మూడేండ్లు పూర్తిగా నడచినవి 112. గడువు తీరి ప్రభుత్వ సహాయము ఆగిన పిమ్మటకూడ 2023 మార్చినాటికి మిగిలియున్నవి 54. నూటికి ఏడు మాత్రమే. మనకు ప్రక్కననే, నూరు కిలోమీటర్లకు కొంచెము పైగా దూరమున, కలబురగిలో 2019 నవంబరు 22వ తేదీన విమానాశ్రయము తెరచిరి. అక్కలకోటవైపు ప్రయాణికులకు అదియు దగ్గరే. ఇరుగుపొరుగు ఊళ్లన్నియు తలకొక విమానాశ్రయము కట్టుకొని అదే కొలదిమంది ప్రయాణికులను పంచుకొనుచున్నవి. ఒకే బావికి నాలుగు మోటలు కట్టినట్లున్నది.

ఎట్టకేలకు 2025 జూను 9వ తేదీన ఫ్లై91 అను గోవా సంస్థవారి విమానము గోవానుండి సోలాపురమునకు వచ్చినది. చిమ్నీ కూలిన దినమునుండి లెక్కించిన, రెండేండ్లకు ఆరు దినములు తక్కువ. రెండు పంఖాలతో నడచు ఏటీఆర్ విమానమది. ఊరిలో మరల సంబరము. మరి నాలుగు నెలలకు, 2025 అక్టోబరు 15వ తేదీన, స్టార్ ఎయిర్ సంస్థవారు ముంబయి, బెంగుళూరు మార్గములను ప్రారంభించిరి. టాటాగారు కరాచీనుండి తపాలాసంచులతో బయలుదేరిన తేదీయు అక్టోబరు 15 యే గదా. తొంబదిమూడేండ్లు నిండిన దినముననే సోలాపురమునుండి ముంబయికి మరల విమానము లేచినది. ఎవరును ఉద్దేశించి చేసినది కాదు గాని, మాకు వ్రాసియుంచవలెనని తోచినది. ఆనాడు దేశమునకు పౌరవిమానయాన మంత్రిగా నున్నవారు శ్రీకాకుళపు తెలుగువారు కింజరాపు రామ్మోహన్ నాయుడుగారు. మన సంఘమున ఈ మాట చెప్పుకొని కొందరు మీసము దువ్విరి.

ముంబయి మార్గమునకు మహారాష్ట్ర ప్రభుత్వము 2025 లోనే ఉడాన్ రీతిలో తన ఖజానానుండి లోటు పూరించుటకు నిర్ణయించినది. అనగా టిక్కెట్టు వెలలో కొంత ఎక్కువాడు ఇచ్చుచున్నాడు, కొంత ఎక్కనివాడును ఇచ్చుచున్నాడు. ఇది తప్పని మా అభిప్రాయము కాదు. రైలుకూడ తొలుదొల్త తన కాళ్లమీద నిలువలేదు. ఆంగ్ల కంపెనీలకు నూటికి ఐదు చొప్పున వడ్డీకి ప్రభుత్వము పూచీపడినందుననే ఆ పట్టాలు పడినవి. ఆ వడ్డీ మన తాతలు పన్నులుగా కట్టినదే. కాని ఆ రైలు వెనుక మిల్లు వచ్చినది, మిల్లు వెనుక మనము వచ్చితిమి. ఈ విమానము వెనుక ఏమి వచ్చును? మా ప్రశ్న అది.

ఏమి రావచ్చునో కొంత కనబడుచున్నది. సోలాపురమున ఇప్పుడు బడి యూనిఫారములు కుట్టు పరిశ్రమ బాగుగా వృద్ధిచెందినది. పరస్థలములనుండి బేరగాండ్రు వచ్చుచున్నారు. తువాలు కొను విదేశీయులు ముంబయిలో దిగి, అచ్చటినుండి పదిగంటలు రాలేక, నమూనాలు అచ్చటికే తెప్పించుకొని దళారీలద్వారా బేరము ముగించుట మేము పనిలో నున్నప్పుడు ఎన్నియో పర్యాయములు చూచితిమి. బేరగాడు కార్ఖానా గడపలోనికి వచ్చి మగ్గమును చూచినపుడు ధర వేరు, ముంబయి హోటలులో నమూనాను నలిపి చూచినపుడు ధర వేరు. ఆ తేడా నేరుగా నేతగాని కూలిలో కనబడకపోయినను, కార్ఖానా మూతబడుటకును తెరచియుండుటకును నడుమ నున్న తేడా యదే కావచ్చును. తుళజాపురపు భవానికి, పండరికి, అక్కలకోటకు, గాణుగాపురమునకు వచ్చు యాత్రికులును కలరు. అయితే ఆ యాత్రికులలో పెద్దభాగము బస్సులలోను, రైళ్లలోను సకుటుంబముగా వచ్చువారు; వారిని నమ్ముకొని కుర్చీలు నింపుట వట్టిమాట. 2023 ఫిబ్రవరి 10వ తేదీనుండి ముంబయికి వందే భారత్ రైలుకూడ ఆరున్నర గంటలలో పోవుచున్నది. విమానముతో పోటీపడునది లారీయో బస్సో కాదు, ఈ రెండు రైళ్లే.

ఇక బోరామణి సంగతి. హోటగీ దారి మైదానము ఊరిలో ఇమిడిపోయినది, పెద్ద విమానములకు చాలదని తలచి, ప్రభుత్వమువారు ఇరువది యేండ్లకు దగ్గరగా క్రిందటనే హైదరాబాదు బాటమీది బోరామణివద్ద క్రొత్త విమానాశ్రయమునకు స్థలము నిర్ణయించి, ఐదువందల హెక్టార్లకు పైగా భూమిని సేకరించిరి. అందు నడుమ కొంత అటవీభూమి చిక్కినది. సోలాపురపు పచ్చికబయళ్లు బట్టమేక పిట్టకు నివాసములు. నాన్నజ్ అభయారణ్యము 1979 లో దానికొరకే ఏర్పడినది. నంద్యాల జిల్లా రోళ్లపాడులో మన తెలుగువారును చూచిన పక్షి యిది; నేడు దేశమంతటను మిక్కిలి కొలదిగా మాత్రమే మిగిలియున్నవి. నిలువెత్తు బరువుతో కష్టముగా ఎగురు ఆ పక్షి పేరుమీద పెద్ద విమానములు ఆగిపోయినవి. పక్షి తన చోటు తాను అడుగలేదు, రైతు తన భూమి తాను తెచ్చి ఇయ్యలేదు. ఇద్దరి చోటును కాగితములలో చిక్కుకొని యున్నవి. అచ్చట విమానాశ్రయము నేటికిని కట్టబడలేదు.

బోరామణి మన తాతలు నడచివచ్చిన బాటమీదనే యున్నది. కరీంనగరమునుండియు, నల్లగొండనుండియు మూటలు నెత్తిన పెట్టుకొని వచ్చినవారికి అక్కడనుండి మిల్లు చిమ్నీల పొగ కనబడెనని మా నాయనమ్మ చెప్పెడిది. పొగ కనబడినంతనే పిల్లలను దింపి, ఇక దగ్గరే యని కూర్చుండెడివారట.

సోలాపురమున మొట్టమొదట తెరచిన ఆకాశమార్గములు గోవా, ముంబయి, బెంగుళూరు. పెండ్లి సంబంధములు కలుపుకొనుటకు, చుట్టముల చావుబ్రతుకులకు, పెద్ద ఆసుపత్రులకు మన కుటుంబములు నేటికిని పోవునది హైదరాబాదునకు. రైలుకూడ ముందు బొంబాయికే పోయినది. మనవైపునకు తిరుగుటకు పదునాలుగేండ్లు పట్టినది. 2025 నుండి పదునాలుగు కలిపిన 2039. మా వీధిలోని ముసలి నేతగానికి ఈ లెక్క చెప్పితిమి. ఆయన వ్రేళ్లపై లెక్కించి, "అప్పటిదాంక బస్సే తియ్ తమ్మీ" అనెను. మరునాడు మనుమరాలి పెండ్లిమాటలకు ఆయన హైదరాబాదు పోవలసియుండెను. రాత్రి బస్సుకు టిక్కెట్టు మేమే తెచ్చియిచ్చితిమి.